గిటార్ గొంతు బొంగురుపోవాలంటే ఎంత ఖర్చు?

ఈ వారం తపాలాలో ముంచింగిపుట్టు నుంచి వొక ఉత్తరం వచ్చింది. అభిమాన హీరో చిరునామా అడగలేదు, ఫలానా హీరోయిన్ వయసెంత అనీ అడగలేదు. ఫజ్ పెడల్ ఏది కొనమంటారు అని అడిగాడు ఆ కుర్రాడు! సినిమా పాటలో మాటలు వినేవాళ్ళు, బాణీ వినేవాళ్ళు లక్షల్లో వున్నారు. చరణానికీ చరణానికీ మధ్య గిటార్ ఎలా మోగిందో చెవి వొగ్గి వినేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి? అందుకే మిగతా ఉత్తరాలన్నీ పక్కనబెట్టి ఈ వారం పేజీ మొత్తం ఆ తమ్ముడికే ఇచ్చేస్తున్నాను.

సంగతి ఇదీ. కాఫీ పళ్ళు కోసిన కూలి డబ్బులు రెండు సీజన్లు కూడబెట్టి విశాఖలో చెయ్యి మారిన ఎలక్ట్రిక్ గిటార్ వొకటి కొన్నాడట. ముగ్గురు మిత్రుల ట్రూపు. వొకడు పాడతాడు, వొకడు ప్యాడ్స్ కొడతాడు, ఇతనిది గిటార్. బేస్ గిటార్ వాయించేవాడు లేడు. చైత్రంలో ఇటుకల పండగకి వూళ్ళో స్టేజి ఎక్కాలి. పాటల్లో వినిపించే ఆ గరగర, ఆ బొంగురు తన గిటార్‌లో పలకడం లేదని బాధ. అందుకని ఫజ్ పెడల్ వొకటి, ఆక్టేవ్ పెడల్ వొకటి కొనాలని కోరిక. వున్న డబ్బు రెంటికీ చాలదు గనుక, తను వేళ్ళు కాయలు కాచేలా నేర్చుకున్న పాత చెక్క గిటార్ అమ్మేద్దామా అని ఆలోచన. ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో ముక్క రాశాడు... తనకి యాంప్లిఫయర్ లేదట, స్టేజి మీద గిటార్ వైరు నేరుగా మైకుసెట్ మిక్సర్‌కే తగిలిస్తాడట.

అసలు కిటుకంతా ఆ చివరి ముక్కలోనే వుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు వొక్క మాట. తమ్ముడూ, ఆ చెక్క గిటార్ అమ్మకు. అమ్మకుండానే పని జరిగే దారి వుంది.

* * *

ఇంతకీ ఫజ్ అంటే ఏమిటి? పుట్టుక చెబితే నవ్వొస్తుంది. అది పాడైపోయిన మిషన్లోంచి పుట్టింది!

1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' అనే పాట జనంలోకి వచ్చింది. నాష్‌విల్ స్టూడియోలో ఆ పాట రికార్డు చేస్తున్నప్పుడు గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ ముక్క, మిక్సర్లో చెడిపోయిన వొక ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయింది. బయటికొచ్చేసరికి జలుబు చేసిన కొమ్ముబూరలా వినిపించింది. ఇంకెవరైనా అయితే "వన్ మోర్ టేక్" అనేవారే. వీళ్ళు వుంచేశారు. పాట హిట్టయి కూర్చుంది! ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చప్పుడునే ట్రాన్సిస్టర్లతో పుట్టించే చిన్న సర్క్యూట్ తయారు చేస్తే, గిబ్సన్ కంపెనీ 1962లో 'మేస్ట్రో ఫజ్ టోన్' అని పేరు పెట్టి అమ్మకానికి దించింది. మొదట్లో కొన్నవాళ్ళు తక్కువే. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 'శాటిస్‌ఫ్యాక్షన్' వచ్చాక కథ మారిపోయింది. కీత్ రిచర్డ్స్ ఆ ముక్కని ఫజ్‌తో వాయించింది నిజానికి గుర్తు కోసం. తర్వాత ఆ చోట బాకాలు పెట్టించాలని అతగాడి ఆలోచన. ఆ గుర్తే పాటకి ప్రాణమైంది. ఆ తర్వాత దుకాణాల్లో ఫజ్ టోన్లు దొరికితే వొట్టు!

దానికి ముందు గరగర కావాలంటే పిచ్చి పనులు చేసేవారు. ఇంగ్లండులో కింక్స్ ట్రూపులో వాయించే డేవ్ డేవిస్ 1964లో తన స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసేశాడు. (మీరు మాత్రం మైకుసెట్ వాడి స్పీకర్ జోలికి వెళ్ళకండి. అడ్వాన్సు తిరిగి రాదు.)

ఫజ్ చేసే పని చాలా చిన్నది. గిటార్ తీగ నుంచి వచ్చే కరెంటు అల గుండ్రటి గుట్టల్లా, మీ కొండల వరసలాగే, సాఫీగా పైకీ కిందకీ పోతూ వుంటుంది. ట్రాన్సిస్టర్లు దాన్ని తాము మోయలేనంతగా పెంచేస్తాయి. దాంతో అల తలా పాదం రెండూ తెగి చదునైపోతాయి. అలా తెగినచోట అసలు స్వరానికి తోడుగా బోలెడు పై స్వరాలు పుట్టుకొస్తాయి. అందుకే తీగవాద్యం కాస్తా వూదే వాద్యంలా మారిపోతుంది. మొదట అమ్మినవాళ్ళు కూడా దీంతో గిటార్ మీద బాకాలూ బూరలూ పలికించవచ్చనే ప్రచారం చేశారు. అంటే ధింసా ఆటలో మోరి, జోడుకొమ్ములు విని పెరిగిన చెవికి ఫజ్ కొత్త చుట్టం కాదన్నమాట.

ఇక ఆక్టేవ్. స రి గ మ ప ద ని దాటాక మళ్ళీ పై షడ్జమం వస్తుంది చూశారూ, ఆ దూరమే ఆక్టేవ్. తండ్రీ చిన్నారి కూతురూ వొకే పాట కలిసి ఎత్తుకుంటే తేడా అదే. మనం వాయించిన స్వరానికి పై స్థాయి స్వరాన్నో, కింది స్థాయి స్వరాన్నో జత చేసేదే ఆక్టేవ్ పెడల్. పైకి వెళ్ళే రకం వేరు, కిందికి దిగే రకం వేరు. కొనబోయే ముందు ఈ తేడా తెలియకపోతే డబ్బు పోసి వేరే వస్తువు ఇంటికి తెచ్చుకుంటారు.

పైకి వెళ్ళే రకానికి కిటుకు మీ ఇంట్లో ఎలిమినేటర్లోనే వుంది. ఇంటికొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు పైకీ కిందకీ వూగుతుంది. ఎలిమినేటర్‌లో డయోడ్లు ఆ కింది సగాన్ని కూడా పైకి మడిచేస్తాయి. అప్పుడు సెకనుకి 100 గుబ్బలు వస్తాయి. రెట్టింపు అంటే ఏమిటి? పై స్థాయే కదా! ముంచింగిపుట్టు పక్కనే వున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్తుకి జరిగే ఈ మర్యాదే గిటార్ కరెంటుకీ జరిగితే ఆక్టేవ్ తయారు. రోజర్ మేయర్ అనే ఆయన జిమీ హెండ్రిక్స్‌కి ఇలాంటి పెట్టె తయారు చేసి 'ఆక్టేవియా' అన్నాడు. 1967 నాటి 'పర్పుల్ హేజ్' పాటలో గిటార్ సోలోకి పైన ఈల వేసినట్టు వినిపించేది అదే. కిందికి దిగే రకం దీనికి తలకిందులు. రెండు అలలు వస్తే వొక్కటే లెక్కపెట్టుకుని సగం వేగంతో పలుకుతుంది.

* * *

ఇప్పుడు మైకుసెట్ సంగతికి వద్దాం.

గిటార్ యాంప్లిఫయర్‌లో వుండే స్పీకర్‌కి వొక మంచి బలహీనత వుంది. సెకనుకి సుమారు 5 వేల సైకిళ్ళు దాటిన చప్పుళ్ళని అది సరిగా పలకలేదు. ఫజ్ పుట్టించే పై స్వరాల్లో ములుకులన్నీ అక్కడ రాలిపోయి, మనకి కమ్మటి బొంగురు మాత్రమే మిగులుతుంది. మైకుసెట్ బాక్సులు అలా కాదు. పాటలో 'స' అక్షరం కూడా ఖణేలుమని వినిపించడానికి పైన హారన్ పెడతారు. ఫజ్‌ని నేరుగా దానిలోకి తోస్తే ఆ ములుకులన్నీ వొక్కటీ వదలకుండా జనం మీద పడతాయి. కందిరీగల తుట్టె కదిపినట్టే! పెడల్ ఎంత ఖరీదైనదైనా ఫలితం ఇంతే.

కిందికి దిగే ఆక్టేవ్‌ది సరిగ్గా దీనికి ఎదురు కథ. గిటార్ లావు తీగ సెకనుకి 82 సార్లు కదిలితే, దాని కింది స్థాయి 41. అంటే బేస్ గిటార్ లావు తీగ స్వరం. ఇంట్లో ప్రాక్టీసు చేసుకునే చిన్న యాంప్‌లో ఆరంగుళాల స్పీకర్ 41ని పలకమంటే గురక పెడుతుంది. అదే పండగ పందిట్లో మైకుసెట్ పెద్ద బాక్సులైతే గుండెల్లో దడదడలాడించేస్తాయి.

కాబట్టి లెక్క ఇదీ. మిక్సర్‌కి నేరుగా తగిలించేవాడికి కింది ఆక్టేవ్ కలిసొస్తుంది, ఫజ్ ఎదురు తిరుగుతుంది. చిన్న యాంప్ వున్నవాడికి ఫజ్ కలిసొస్తుంది, కింది ఆక్టేవ్ డబ్బు దండగ. ఏ కంపెనీ అని అడిగే ముందు నా పెడల్ వెనకాల ఏముంది అని అడగాలి. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు, వాళ్ళకేం పట్టింది!

మరి మన తమ్ముడి దారేమిటి? దారులు రెండున్నాయి. ఎవరి దగ్గరైనా చిన్న గిటార్ యాంప్ అరువు దొరికితే దాన్ని కుర్చీ మీద పెట్టి, దాని స్పీకర్ ముందు పాటగాడి మైకు లాంటిదే ఇంకో మైకు నిలబెట్టడం. చాలా స్టేజీల మీద జరిగేది ఇదే. అది కుదరకపోతే రెండు పెడళ్ళ మాట మర్చిపోయి, జూమ్ కంపెనీ జి1 ఫోర్ లాంటి చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె వొకటి కొనుక్కోవడం. ఫజ్, ఆక్టేవ్ అందులోనే వుంటాయి. అంతకంటే ముఖ్యం, గిటార్ స్పీకర్‌ని అనుకరించే ఏర్పాటు కూడా వుంటుంది గనుక మిక్సర్‌కి తగిలించినా కందిరీగలు లేవవు. శృతి చూసుకునే ట్యూనర్, ప్రాక్టీసుకి డ్రమ్స్ అదనం. మామూలు పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే పనిచేస్తుంది. గాలివానకి కరెంటు పోయే కొండవూళ్ళకి ఇది చిన్న సుఖం కాదు. చవకరకం ఫజ్ వొకటి, ఆక్టేవ్ వొకటి, వాటికి రెండు అడాప్టర్లు కొంటే అయ్యే ఖర్చుకి ఇది దాదాపు దగ్గరగానే వస్తుంది. నన్నడిగితే ఆ తమ్ముడికి నా వోటు దీనికే. చెక్క గిటార్ మూలనే వుంటుంది, సాయంత్రాలు వాయించుకోవచ్చు.

అయితే నిజం చెప్పాలి. ఇలాంటి పెట్టెల్లో ఫజ్ కాస్త బుద్ధిమంతుడు. ఫజ్‌లో వుండాల్సిన ఆ పొగరు, తీగ మీద చెయ్యి వదులు చేస్తే తగ్గి, గట్టిగా కొడితే విరుచుకుపడే ఆ స్వభావం అసలు పెడల్‌లోనే బాగుంటుంది.

* * *

యాంప్ వున్న అదృష్టవంతులకి ఇప్పుడు పెడళ్ళ సంగతి. ధరల అంకెలు వేయడం లేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపే మారిపోతాయి. తక్కువ నుంచి ఎక్కువకి వరస మాత్రం చెబుతాను.

అన్నిటికంటే చవక బెహ్రింగర్ వాళ్ళ సూపర్ ఫజ్, ఎస్ఎఫ్ 300. ప్లాస్టిక్ డబ్బా. చూస్తే పిల్లల బొమ్మలా వుంటుంది. కానీ దాని వంశం గొప్పది. 1960ల చివర్లో జపాన్‌లో తయారైన యూనివాక్స్ సూపర్ ఫజ్, దాని బాటలో బాస్ కంపెనీ తెచ్చిన హైపర్ ఫజ్... వాటి వారసుడే ఇది. హూ ట్రూపు పీట్ టౌన్‌షెండ్ 1970 నాటి 'లైవ్ ఎట్ లీడ్స్' కచేరీలో వాడింది ఆ యూనివాక్స్‌నే. ఇందులో గమ్మత్తేమిటంటే ఇందాక చెప్పిన ఎలిమినేటర్ మడత ఈ సర్క్యూట్లోనే ఇమిడి వుంది. కనుక ఫజ్ కొంటే పై ఆక్టేవ్ కొసరుగా వస్తుంది! ఫజ్ వొకటి, ఆక్టేవ్ వొకటి అని రెండు కొనబోయే కుర్రాళ్ళు ముందు దీన్ని వినాలి. చేత్తో నొక్కితే నూరేళ్ళు, బూటుకాలితో తొక్కితే మాత్రం నా పూచీ లేదు.

రేకు డబ్బా, గట్టి స్విచ్ కావాలంటే దానికి కొంచెం పైన జోయో వాళ్ళ వూడూ ఆక్టేవ్ వుంది. ఇదీ ఫజ్, పై ఆక్టేవ్ కలిసిన పెట్టే. ఆక్టేవ్‌ని వద్దనుకుంటే స్విచ్‌తో తీసేయవచ్చు. సూపర్ ఫజ్‌లో ఆక్టేవ్ ఎప్పుడూ వెంటే వుంటుంది, ఇందులో మన చెప్పుచేతల్లో వుంటుంది. ఆ వెసులుబాటుకే ఎక్కువ డబ్బు.

ఇంకా పైన ఎలక్ట్రో హార్మోనిక్స్ బిగ్ మఫ్. నాలుగు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్, 1969 ప్రాంతం నుంచి వుంది. స్వరం పట్టుకుంటే వదలదు, సాగుతూనే వుంటుంది. సోలోలకి దీనిది తిరుగులేని గొంతు. పాటకి తోడుగా వాయించే చోట మాత్రం మిగతా వాద్యాల మధ్య మునిగిపోతుంది. మనదేశంలో చేతితయారీ కావాలంటే ముంబయిలో యానిమల్ ఫ్యాక్టరీ యాంప్లిఫికేషన్ అని వొక సంస్థ వుంది. మంచి పనితనమే, కాఫీ కూలి డబ్బులకి మాత్రం అందేది కాదు.

జెర్మేనియం, జెర్మేనియం అని కొందరు వూదరగొడుతుంటారు. 1966 నాటి ఫజ్ ఫేస్ పెడల్‌లో మొదట వాడింది ఆ రకం ట్రాన్సిస్టర్లు. గొంతు మెత్తగా వుంటుంది, నిజమే. కానీ వేడికి దాని బుద్ధి మారిపోతుంది. డిసెంబరు చలిలో ముంచింగిపుట్టులో అద్భుతంగా పలికిన పెట్టె, మే నెలలో విశాఖ స్టేజి దీపాల కింద గొంతు కీచుకీచుమనవచ్చు. పైగా వీటిలో కొన్నిటికి కరెంటు కొసలు తిరగేసి వుంటాయి, మిగతా పెడళ్ళతో కలిపి వొకే అడాప్టర్‌కి తగిలించకూడదు. సిలికాన్ రకం తీసుకుని హాయిగా వుండండి.

అసలు ఫజ్‌లో డబ్బు పెట్టాల్సిన సరుకేముంది? ఫజ్ ఫేస్ విప్పి చూస్తే రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు తిప్పుడు బిళ్ళలు. అంతే! సిలికాన్ మోడల్‌లో వాడిన బిసి 108 తమ్ముళ్ళు బిసి 548 లాంటివి రేడియోలు, టీవీలు బాగుచేసే షాపుల్లో చిల్లర డబ్బులకి దొరుకుతాయి. ట్రూపులో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివినవాడెవరైనా వుంటే ఆదివారం మధ్యాహ్నం అతికించేయగలడు. ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని ఎర్త్ కొసకి కలపమనండి. లేకపోతే ట్యూబులైటు గుంయ్‌మనే చప్పుడంతా పాటలోకి వచ్చేస్తుంది. ఎనిమిది అణాల వస్తువుకి ఎనిమిది వేల పేరు తగిలించి అమ్మడం సినిమా ఫీల్డులోనే కాదు, ఇక్కడా వుంది!

కింది ఆక్టేవ్ కావలసినవాళ్ళకి బాస్ వాళ్ళు 1982లో తెచ్చిన ఓసీ 2 పెద్ద దిక్కు. ఇప్పుడది పాతసరుకుగానే దొరుకుతుంది. బెహ్రింగర్ యూఓ 300 ఆ ధోరణిలోదే, వొక స్థాయి కిందా రెండు స్థాయిలు కిందా పలుకుతుంది. వీటికి వొక్కసారి వొక్క స్వరమే అర్థమవుతుంది. రెండు తీగలు కలిపి మీటితే తాగినవాడిలా తూలుతుంది. కార్డ్స్‌కి కూడా తూలనివి కావాలంటే డిజిటల్ రకాలకి పోవాలి, ఖర్చూ పైకి పోతుంది. బేస్ గిటార్ లేని ట్రూపులో లావు తీగల మీద వొక్కొక్క స్వరం వాయిస్తూ పోయే చోట ఇది ఆదుకుంటుంది. మరీ అడుగు స్వరాల దగ్గర తడబడుతుంది గనుక నాలుగైదు మెట్లు పైన వాయించుకోండి.

ఇంకో తిరకాసు. మనవాళ్ళు సినిమా పాటల్లో ఫజ్ అనుకునేదాంట్లో చాలా భాగం ఫజ్ కాదు, డిస్టార్షన్. 2011 'రాక్‌స్టార్'లో రెహమాన్ పాట 'సాడ్డా హక్'కి ఓరియాంతి వాయించిన గిటార్ ఆ కోవలోది, ఫజ్ కంటే నున్నగా బిగువుగా వుంటుంది. 1980 'కర్జ్'లో హీరో వెంటాడే గిటార్ బాణీ గోరఖ్ శర్మ వాయించారు. దానికి గరగరే లేదు, స్వచ్ఛమైన గొంతు. 1999లో 'తమ్ముడు'తో రమణ గోగుల రాక్ బాణీలు తెలుగు కుర్రకారుకి మప్పిన దగ్గర్నుంచీ ఈ పేర్లన్నీ కలగాపులగం అయిపోయాయి. పండగ నాడు వాయించబోయే పాటలు కాగితం మీద రాసుకుని, ఏ పాటలో ఎక్కడ గిటార్ బొంగురుపోయిందో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. పది పాటల్లో వొక్కచోట కూడా లేదని తేలితే ఖర్చే లేదు!

* * *

వాయించే పద్ధతి రెండు ముక్కల్లో. పై ఆక్టేవ్ స్పష్టంగా రావాలంటే గిటార్‌లో మెడ వైపు పికప్ పెట్టుకుని, టోన్ బిళ్ళ బాగా తగ్గించి, పన్నెండో మెట్టు దాటాక సన్న తీగల మీద వొక్కొక్క స్వరమే మీటాలి. కింద కార్డు కొట్టి ఆక్టేవ్ రాలేదంటే పెడల్ తప్పు కాదు. ఫజ్ ఎప్పుడూ తొక్కిపెట్టి వుంచి, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే గొంతు తేటపడే రకాలున్నాయి. ఫజ్ ఫేస్ జాతి అలాంటిదే, పాటకి మెల్లగా, సోలోకి బిగ్గరగా చేతివేళ్ళతోనే నడిపించవచ్చు. ఆ జాతి ఫజ్ వరసలో గిటార్ పక్కనే వుండాలి. కింది ఆక్టేవ్ కూడా వాడితే మాత్రం దాన్ని ఫజ్ కంటే ముందు పెట్టండి. శుభ్రమైన స్వరం అందకపోతే అది లెక్క తప్పుతుంది.

కొనేటప్పుడు విశాఖ దాకా వెళ్ళగలిగితే మీ గిటార్ మీరే మోసుకెళ్ళి, షాపులో ఖరీదైన గిటార్‌తో కాక మీ దాంతోనే విని చూడండి. చెయ్యి మారిన పెడల్ అయితే బిళ్ళలు అన్నీ తిప్పి చూడండి. చిటపటలాడితే బేరం తగ్గించవచ్చు. స్విచ్ పది సార్లు తొక్కండి, వొక్కసారి తప్పినా వద్దనండి. అరచేతిలో పట్టే బుల్లి పెడళ్ళు ముద్దుగా వుంటాయి గానీ వాటిలో చాలావాటికి బ్యాటరీ పట్టే చోటే వుండదు, అడాప్టర్ లేనిదే పలకవు. అడాప్టర్ 9 వోల్టులది, మధ్య కొస నెగటివ్‌ది కావాలి. టేప్‌రికార్డర్ల కాలం నాటివి ఇంట్లో పడివుంటే కొన్నిటికి మధ్య కొస పాజిటివ్ వుండవచ్చు. తెలియక గుచ్చితే పెడల్ అక్కడికక్కడే కన్ను మూయవచ్చు.

9 వోల్టుల బ్యాటరీ పట్టే ఫజ్ అయితే ముంచింగిపుట్టుకి మరీ మంచిది. ఫజ్ తినే కరెంటు బహు స్వల్పం, వొక్క బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. అయితే గిటార్ వైరు గుచ్చిన చోటే బ్యాటరీ స్విచ్ కూడా దాగి వుంటుంది. కాలితో నొక్కి ఆపినా బ్యాటరీ కరుగుతూనే వుంటుంది. వాయించడం అయిపోగానే ఆ వైరు పీకి పక్కన పెట్టండి.